మొబైల్ నెట్‌వర్క్ స్వయం నిర్వహణ – 3వ పాఠం: పొరుగు సెల్లుల పట్టిక

కదులుతున్న ఫోను ఒక సెల్ (ఒక బేస్ స్టేషన్ యాంటెన్నా సిగ్నల్ అందించే ప్రాంతం) నుంచి మరో సెల్‌కు ఎలా మారుతుందో గత పాఠంలో చూశాము. ఆ హ్యాండోవర్ జరగాలంటే, రెండో సెల్ తన పొరుగున ఉన్నదన్న సంగతి మొదటి సెల్‌కు తెలిసి ఉండాలి. 2జీ, 3జీ రోజుల్లో ప్లానింగ్ ఇంజనీర్లు మ్యాపులు, డ్రైవ్ టెస్ట్ కొలతలు (వాహనంలో తిరుగుతూ తీసుకున్న సిగ్నల్ కొలతలు) ముందు పెట్టుకుని ఈ జాబితాను చేత్తో ఎక్కించేవారు. కొత్త సైటు లేచిన ప్రతిసారీ చుట్టుపక్కల జాబితాలన్నీ సవరించవలసి వచ్చేది, ఒక్క సెల్ మరచిపోయినా ఆ దారిలో కాల్స్ తెగిపోయేవి. ఈ చాకిరీని తప్పించే ఏఎన్ఆర్ (పొరుగు సెల్లుల జాబితాను నెట్‌వర్కే తయారుచేసుకునే) పద్ధతికి, మొబైల్ ప్రమాణాలు రూపొందించే సంస్థ 3జీపీపీ, ఎల్‌టీఈ (4జీ) తొలి ప్రమాణమైన రిలీజ్ 8లోనే చోటు కల్పించింది.

ఇందులో కొత్త పొరుగును కనిపెట్టేది ఫోనే. తనకు వినిపిస్తున్న సెల్ పీసీఐని (సెల్‌ను గుర్తించే చిన్న సంఖ్యను) అది బేస్ స్టేషన్‌కు నివేదిస్తుంది. అయితే ఎల్‌టీఈలో పీసీఐలు 0 నుంచి 503 వరకు, అంటే 504 మాత్రమే కనుక, ఊళ్లో ఇద్దరు సుబ్బారావులున్నట్టు ఒకే సంఖ్య ఎన్నో సెల్లకు ఉంటుంది. అందుచేత పట్టికలో లేని పీసీఐ ఎదురైనప్పుడు, ఆ సెల్ ప్రసారం చేస్తున్న పూర్తి గుర్తింపును, అంటే మరే సెల్‌కూ ఉండని ఈసీజీఐని, చదివి చెప్పమని బేస్ స్టేషన్ ఫోనును ఆదేశిస్తుంది. చదవడానికి ఫోనుకు కొంత విరామం కావాలి కాబట్టి, డేటా జోరుగా సాగుతున్న ఫోనుకు ఈ పని అప్పగించకపోవడమే మేలు. ఈసీజీఐ అందిన తరువాత బేస్ స్టేషన్, ఎంఎంఈ (కోర్ నెట్‌వర్క్‌లోని నియంత్రణ కేంద్రం) ద్వారా అవతలి బేస్ స్టేషన్ ఐపీ చిరునామా తెలుసుకుని, రెంటి మధ్య ఎక్స్2 లంకెను (బేస్ స్టేషన్లు నేరుగా మాట్లాడుకునే దారిని) నెలకొల్పుతుంది.

పట్టికలోని ప్రతి వరుసకూ మనం పెట్టగలిగే గుర్తులు మూడు: తొలగించరాదు, హ్యాండోవర్ వద్దు, ఎక్స్2 వద్దు. పెద్ద చెరువు అవతలి గట్టు మీది సెల్, నీటిపై అడ్డు లేకపోవడం వల్ల, ఇవతల బలంగానే వినిపించి ఏఎన్ఆర్‌కు పొరుగుగా తోస్తుంది. అటువంటి దానికి రెండో గుర్తు తగినది. మొదటి గుర్తును మాత్రం పొదుపుగా వాడాలి. భయం కొద్దీ అన్ని వరుసలకూ దాన్ని తగిలిస్తే, కాలం చెల్లిన పొరుగులు ఎన్నటికీ తొలగవు.

అభ్యాసం: ఒక సెల్‌కు 87, 210, 341 పీసీఐలున్న పొరుగులు ఉన్నాయి. 210 సంఖ్యతోనే వేరే ఈసీజీఐ ఉన్న మరో సెల్‌ను ఫోను నివేదించింది. ఆ రెండింటిలో ఒకదాని పీసీఐ మార్చేముందు ఏయే సెల్లుల పట్టికలు పరిశీలించాలో రాయండి. జవాబు 4వ పాఠంలో.