రెఫరెన్సుల దగ్గర ఇరుక్కున్న పేపర్

తార్నాకలో నా రూములో కూర్చుని అర్ధరాత్రి పంపిన పేపర్‌ని మూడో రోజుకే జర్నల్ వాళ్లు తిప్పి పంపారు. రెఫరెన్సులు ఐ ట్రిపుల్ ఈ (ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం) పద్ధతిలో లేవట.

నిజమే, నేను అక్షర క్రమంలో పేర్చాను. ఆ పద్ధతిలో వ్యాసంలో ముందుగా ప్రస్తావించినదానికే [1]. మళ్లీ ఎక్కడ వాడినా అదే నంబరు. 42 ఎంట్రీలు వర్డ్‌లో చేత్తో మార్చుకుంటూ వెళ్తే, మధ్యలో ఒక్కటి చేర్చగానే కిందివాటి నంబర్లన్నీ మారిపోయాయి. విసుగొచ్చి పేపర్ని టైప్‌సెట్ చేసే లేటెక్‌కి, దాంతోపాటు రెఫరెన్సుల జాబితా తయారుచేసే బిబ్‌టెక్‌కి మారాను.

ఇప్పుడు నంబరు రావాల్సిన చోటల్లా [?]. లేటెక్ ఒక్కసారి నడిపి ఊరుకున్నానన్నమాట. ఆ తర్వాత బిబ్‌టెక్, మళ్లీ రెండుసార్లు లేటెక్ నడపాలి.

అసలు తలనొప్పి పేర్లది. రచయితల మధ్య కామాలు పెట్టాను. ఎంతమంది ఉన్నా, పేరుకీ పేరుకీ మధ్య ఇంగ్లిష్ 'అండ్' (and) ఉండాలి. పైగా కామా లేకపోతే బిబ్‌టెక్ చివరి మాటనే ఇంటిపేరనుకుంటుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనకి తిరకాసు ఇక్కడే! మా గైడ్ గారి ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. ఆయన చూసుంటే నా పని అయిపోయేదే. ఇంటిపేరు, కామా, తర్వాత సొంతపేరు అని రాస్తే సర్దుకుంది.

వ్యాసాల పేర్లలో 'ఎఫ్‌పీజీఏ' (ఒక రకం చిప్ పేరు, FPGA) ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోకి దిగిపోయింది. ఫ్లవర్ బ్రాకెట్లలో పెడితే నిలబడింది. గూగుల్ స్కాలర్ నుంచి తెచ్చుకున్న కొన్ని ఎంట్రీల్లో పేజీ నంబర్లు లేవు. వాటిని డీఓఐ (ప్రతి వ్యాసానికీ ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) లింకులు తెరిచి ఒక్కొక్కటీ నింపాను. అందుకే ఆదివారమంతా పోయింది.