టెన్నేటి పార్కు నుంచి అనంతగిరి ఘాట్ దాకా: ఒక్కరోజు బైక్ ట్రిప్పుకు జట్టును తీసుకెళ్ళడం ఎలా?

విశాఖ నుంచి జట్టుగా బైకుల మీద అరకు వైపు బయల్దేరే వాళ్ళు పైకి ఎన్నింటికి చేరతామో లెక్కేసుకుంటారు, దిగే వేళను గాలికి వదిలేస్తారు. ఘాట్‌లో బండ్లు పడేది ఎక్కువగా దిగేటప్పుడే. అందుకే ఈ ట్రిప్పును చివరి నుంచి వెనక్కి లెక్కెయ్యాలి. మధ్యాహ్నం 2:30కి ఘాట్ పైనున్న గాలికొండ దగ్గర బండ్లు కిందికి తిరగాలి, 4:30కల్లా కొండ కిందున్న శృంగవరపుకోటలో (ఎస్.కోట) ఉండాలి. మిగతా రోజంతా ఈ రెండు వేళలకు లోబడే నడవాలి.

దారి: టెన్నేటి పార్కు, రుషికొండ, భీమిలి, తగరపువలస, విజయనగరం, ఎస్.కోట, అనంతగిరి, గాలికొండ. తిరుగుదారిలో ఎస్.కోట నుంచి కొత్తవలస, పెందుర్తి మీదుగా ఊళ్ళోకి. రానుపోను సుమారు 220 కిలోమీటర్లు. పెందుర్తి మీదుగా వెళ్ళి అదే దారిన వచ్చేస్తే సులువు కదా అంటారు. సులువే, కానీ సముద్రం పోతుంది. పైగా భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ నది పుట్టింది అనంతగిరి కొండల్లోనే. బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం దాటి భీమిలి చేరుతుంది. పొద్దున్నే నది కలిసే చోట టిఫిన్ చేసి, మధ్యాహ్నానికి అది పుట్టిన కొండల్లో ఉండటం ఈ దారిలో తప్ప కుదరదు.

1. వారం ముందు: తొట్లకొండ పరీక్ష

దీన్ని ఎవరూ చెయ్యరు. చెయ్యకుండా జట్టును ఘాట్‌కు తీసుకెళ్ళకూడదు. ముందు ఆదివారం అందరినీ బీచ్ రోడ్డులో తొట్లకొండకు రమ్మనండి. బౌద్ధుల కాలంలో రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరొచ్చిన కొండ అది. ఎత్తు సముద్రమట్టానికి 128 మీటర్లు. దారి చిన్నదే అయినా వాలు ఉంది, మలుపు ఉంది. ఒక్కొక్కరినీ కిందికి పంపి, వెనకాలే మీ బండి మీద దిగుతూ వాళ్ళ బ్రేకు లైటు చూడండి. లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి ఉంటే ఆ మనిషికి దిగడం వచ్చు. పైనుంచి కింద దాకా వెలుగుతూనే ఉంటే రాదు. రాని వాళ్ళకు అక్కడే రెండు మూడుసార్లు ఎక్కించి దింపి నేర్పండి. అప్పటికీ లైటు ఆరకపోతే ఆ మనిషి భీమిలి దాకా వచ్చి వెనక్కి వెళ్ళాలి. మొహమాటం వద్దు.

2. జట్టు

ఆరు బండ్లు చాలు, ఎనిమిది దాటొద్దు. ఘాట్‌లో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతూ బండికీ బండికీ నాలుగు సెకన్ల ఎడం ఉంచితే, ఒక్కో సందు 33 మీటర్లు. ఎనిమిది బండ్ల వరుస 230 మీటర్లు సాగుతుంది. ముందున్న మీరు మూడో మలుపులో ఉంటే చివరి బండి మొదటి మలుపులో ఉంటుంది. అంతకంటే పొడుగైతే జట్టు మీ చేతిలో లేనట్టే.

మీరు ముందు బండి. మీ వెంటనే రెండో స్థానంలో అందరికంటే అనుభవం తక్కువున్న వాళ్ళు. చివరి బండి మీద అందరికంటే బాగా నడిపే వ్యక్తి, పంక్చర్ కిట్టు, గాలి పంపు, స్పానర్లతో. చాలామంది బలహీనమైన వాళ్ళను చివర్లో వదిలేస్తారు. వాళ్ళు జట్టును అందుకోవడానికి తమకు చేతకాని వేగంతో మలుపులు తిరుగుతారు, పడతారు. రెండో స్థానంలో ఉంటే మీ వేగమే వాళ్ళ వేగం.

కూడలి వచ్చినప్పుడల్లా మూడో బండి పక్కకు ఆగి దారి చూపాలి, చివరి బండి కనబడగానే దాని ముందు చేరాలి. తగరపువలస, విజయనగరం, ఎస్.కోటల్లో ఇది తప్పనిసరి. ఫోన్లు నమ్ముకోవద్దు, కొండల్లో సిగ్నల్ ఒక మలుపులో ఉంటుంది, ఇంకో మలుపులో ఉండదు.

3. బండి, సామాను

ముందురోజు రాత్రి టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి, ఎంతో బండి మీద స్టిక్కరే చెబుతుంది. వెనక మనిషి కూర్చుంటే ఆ లెక్క వేరు. చైను వదులు రెండు మూడు సెంటీమీటర్లు. బ్రేకు లైటు రెండు బ్రేకులకూ వెలగాలి. డిస్కు బ్రేకు ఉంటే బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటకూడదు. ఐఎస్‌ఐ హెల్మెట్ ఇద్దరికీ, బూట్లు, గ్లౌజులు, రెండు ముక్కల రెయిన్ కోటు (గాలికి ఎగిరే పాంచో వద్దు), మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం.

గేర్లు లేని స్కూటర్లు ఈ ట్రిప్పుకు వద్దు. కారణం దిగేటప్పటి సంగతిలో చెబుతాను.

4. తీరం వెంట

ఉదయం 5:30కి టెన్నేటి పార్కు దగ్గర, 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చిన చోట కలవండి. ఆర్కే బీచ్‌లో కలుద్దామనుకోవద్దు. ఆ వేళకు అది నడక వాళ్ళది, బండ్లను రానివ్వరు. జూన్‌లో 5:20కే సూర్యోదయం, జనవరిలో 6:30. చలికాలమైతే రుషికొండ దాటాక సముద్రం మీద చూడొచ్చు.

ఒకే వరుసలో కాకుండా అటొకటి ఇటొకటిగా, రెండు సెకన్ల ఎడంతో పోవాలి. వేగం 50. మంగమారిపేట దగ్గర రోడ్డు పక్కన వలలు, పడవలు, పిల్లలు, కుక్కలు. అక్కడక్కడా గాలికి ఇసుక రోడ్డు మీదకు వచ్చి ఉంటుంది. ఇసుక మీద బ్రేకు వెయ్యకుండా, హ్యాండిల్ తిప్పకుండా నిటారుగా దాటాలి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర రోడ్డు మీదే ఆగి చూసి పొండి. వేల ఏళ్ళుగా గాలీ నీరూ కట్టిన దిబ్బలవి, ఒక్క టైరు గాడి చాలు, తర్వాతి వాన ఆ గాడిలోంచే కోత మొదలుపెడుతుంది. బండి ఎక్కించి ఫొటోలు దిగే వాళ్ళను జట్టులో ఉంచుకోవద్దు.

7 గంటలకు భీమిలిలో టిఫిన్, అరగంట. 9:30కల్లా ఎస్.కోట. అక్కడ అందరూ ట్యాంకు నింపాలి, సగం ఉన్నవాళ్ళు కూడా. పైన బంకు దొరుకుతుందని ఆశపడొద్దు.

5. ఎక్కడం

బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. ఇక్కడి నుంచి ఒకే వరుస, నాలుగు సెకన్ల ఎడం. ఇంజిను మూలగకముందే గేరు తగ్గించండి. బస్సు వెనక ఇరుక్కుంటే సగం క్లచ్చి పట్టుకుని పాకొద్దు, ప్లేట్లు కాలతాయి. ఆగి, బస్సు ముందుకు పోయాక కదలండి. దారిలో టైడ, డముకు వ్యూ పాయింట్, కాఫీ తోటలు వస్తాయి. ఆగిన చోటల్లా బండి రోడ్డు అంచు దాటి పూర్తిగా లోపలికి పెట్టాలి. 12 గంటలకు గాలికొండ.

అరకు దాకా వెళ్ళొద్దు. ఇంత దూరం వచ్చి అరకు చూడకుండానా అని ఎవరో ఒకరు అడుగుతారు. వెళ్ళి రావడానికి గంటన్నర పోతుంది, ఆ గంటన్నర దిగే వేళలోంచే పోతుంది. అరకు చూడాలంటే రాత్రి అక్కడ ఉండేలా ఇంకో ట్రిప్పు వేసుకోండి. బొర్రా గుహలూ అంతే. గుహలు చూస్తే గాలికొండ మానెయ్యాలి.

భోజనం తేలికగా. బొంగులో చికెన్ ముక్క రుచి చూడండి, కడుపు నిండా తిని ఘాట్ దిగితే కళ్ళు మూతలు పడతాయి. దారిలో జీలుగు కల్లు అమ్ముతారు. బండి నడిపే వాళ్ళకు ఒక్క గుక్క కూడా వద్దు.

6. దిగడం

ఈ భాగాన్ని బయల్దేరే ముందు జట్టు మొత్తానికి ఒకసారి చదివి వినిపించండి.

మొదట వేళ సంగతి. డిసెంబరులో సూర్యాస్తమయం 5:25 ప్రాంతంలో అని కదా, 5 దాకా వెలుతురు ఉంటుందిలే అనుకుంటారు. ఈ ఘాట్ కొండలకు తూర్పు వైపున ఉంది. మధ్యాహ్నం తిరగగానే సూర్యుడు కొండ వెనక్కి పోతాడు, రోడ్డు మీద నీడ పడుతుంది. ఎండలోంచి నీడలోకి దిగిన కళ్ళకు గుంత, కంకర, తడి ఆకులు కనబడవు. చెట్ల కింద పొద్దుటి తడి మధ్యాహ్నానికి కూడా ఆరదు. అందుకే 2:30.

ఇక గేరు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. వాలు మొదలయ్యే ముందే రెండో గేరులో వేసి, ఎక్స్‌లేటర్ పూర్తిగా వదిలెయ్యండి. ఇంజిను చక్రాన్ని పట్టి లాగుతూ ఉంటుంది, చాలా బండ్లు 25, 30 దగ్గర నిలకడగా ఉంటాయి. అప్పటికీ వేగం పెరుగుతుంటే మొదటి గేరు. ఒకేసారి రెండు గేర్లు దించొద్దు, క్లచ్చి టప్పున వదలొద్దు. వెనక చక్రం బిగుసుకుని పక్కకు జారుతుంది.

పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్ళు, ఇంజిను ఆపేసి దిగేవాళ్ళు ప్రతి జట్టులో ఒకరుంటారు. బండి బరువు, ఇద్దరు మనుషుల బరువు, కొండ వాలు అన్నీ కలిసి అప్పుడు రెండు బ్రేకుల మీదే పడతాయి. బ్రేకు బండిని ఆపేది దాని వేగాన్ని వేడిగా మార్చి. ఆ వేడి గాలిలోకి పోవడానికి సమయం కావాలి. ఆగకుండా నొక్కి ఉంచితే డ్రమ్ము బ్రేకులో లైనర్లు (లోపల రాసుకునే పట్టీలు) కాలి పట్టు వదులుతాయి, ముందు మాడిన వాసన వస్తుంది. డిస్కులో అయితే బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. గాలిలో తేమ పీల్చుకున్న పాత ఆయిల్ 155 దగ్గరే మరగవచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరతాయి, లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్ళ నియమం ఇందుకే.

బ్రేకును రెండు మూడు సెకన్లు గట్టిగా నొక్కి, పూర్తిగా వదలాలి. మళ్ళీ అవసరమైనప్పుడు మళ్ళీ అలాగే. మెల్లగా ఆనించి ఉంచడం జాగ్రత్తగా అనిపిస్తుంది కానీ బ్రేకును కాల్చేది అదే. ముందు బ్రేకంటే భయపడి వెనక బ్రేకు ఒక్కటే తొక్కే వాళ్ళు చాలామంది. దిగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకు వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రాన్ని తొక్కితే బిగుసుకుని జారుతుంది. సింగిల్ ఛానల్ ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ముందు చక్రాన్నే కాపాడుతుంది. రెండూ కలిపి, ముందుది ఎక్కువగా, బండి నిటారుగా ఉన్నప్పుడు మాత్రమే వెయ్యాలి. బ్రేకు పని, గేరు పని మలుపుకు ముందే అయిపోవాలి.

స్కూటర్ ఎందుకు వద్దన్నానంటే, దానికి పట్టుకునే గేరు లేదు. వేగం బాగా తగ్గితే లోపలి క్లచ్చి దానంతటదే విడిపోతుంది. అప్పుడు అది న్యూట్రల్‌లో దొర్లే బండితో సమానం. సరిగ్గా మెల్లగా పోవాల్సిన మలుపులోనే ఇంజిను సాయం పోతుంది.

హెయిర్‌పిన్ మలుపుల్లో మన వైపు ఎడమ కాబట్టి ఎడమ మలుపు ఇరుకు. అంచుకు అతుక్కుని లోపలికి దూరితే మలుపు చివర బండి బయటికి జారి, ఎదురొచ్చే బస్సు వైపు పోతుంది. మీ సగం రోడ్డులోనే మధ్య గీతకు దగ్గరగా వచ్చి, ఆలస్యంగా తిరగాలి. కుడి మలుపు వెడల్పు, అక్కడ అడ్డంగా కోసేద్దామనిపిస్తుంది. అటుగా ఎక్కే బస్సుకు ఆ జాగా అంతా కావాలి. ఎక్కే బండికే దారి ఇవ్వాలని నిబంధన కూడా, కాబట్టి ఆగి వదలండి. ప్రతి గుడ్డి మలుపు ముందూ హారన్. చూపు మలుపు చివర ఉండాలి. లోయ గోడ వైపు చూస్తే చెయ్యి కూడా అటే తిరుగుతుంది. సంత రోజుల్లో నిండా జనంతో జీపులు మలుపు మధ్యలోనే ఆగుతాయి, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

వెనక కూర్చున్న వాళ్ళు జారి నడిపేవాళ్ళ వీపు మీద పడకూడదు. ఆ బరువు చేతుల మీదకు వస్తే హ్యాండిల్ తిరగదు. వెనక కడ్డీ పట్టుకుని, మోకాళ్ళు బిగించి కూర్చోవాలి.

ఐదారు కిలోమీటర్లకోసారి అందరినీ ఆపి పది నిమిషాలు చల్లారనివ్వండి. వేడి డిస్కు మీద నీళ్ళు పొయ్యొద్దు, వంకర తిరుగుతుంది. చేత్తో ముట్టుకోవద్దు కూడా. మాడు వాసన వచ్చినా, లివరు మెత్తబడినా ఇరవై నిమిషాలు ఆగాల్సిందే. నడుస్తుండగా బ్రేకు పూర్తిగా పోతే గేర్లు ఒక్కొక్కటే దించుతూ, లివరు వదిలి నొక్కుతూ, కొండ వైపు అంచుకు పోవాలి. కాలువలో పడ్డా ఫర్వాలేదు, లోయ వైపు మాత్రం పోవద్దు.

మంచు కమ్మినా వాన మొదలైనా ఎడం రెట్టింపు, వేగం సగం. పూర్తిగా దారి కనబడకపోతే డముకు దగ్గరో టైడ దగ్గరో ఆగిపోవాలి. ఇంటికి ఆలస్యమవుతుందని ఫోన్ చేస్తే సరిపోతుంది.

7. ఎస్.కోట తర్వాత

టీ తాగండి, బండ్లు లెక్కపెట్టండి. కొత్తవలస, పెందుర్తి రోడ్డులో సాయంత్రం లారీలు, ఆటోలు ఎక్కువ. కొండ దిగేశామన్న ధీమాతో వేగం పెంచేది ఇక్కడే, కాబట్టి పెందుర్తి దాకా జట్టును విడదీయొద్దు. మర్నాడు ప్రతి ఒక్కరూ బ్రేక్ లైనర్లు, ప్యాడ్లు విప్పించి చూపించుకోవాలి. ఎవరి లైనర్లు అద్దంలా మెరుస్తూ గట్టిపడి ఉన్నాయో వాళ్ళు కొండంతా బ్రేకు మీదే దిగారన్న మాట. తర్వాతి ట్రిప్పుకు ముందు వాళ్ళకు మళ్ళీ తొట్లకొండ పరీక్ష పెట్టండి.