ఇంటి స్టీరియో స్వయంబోధిని – 3వ పాఠం: చిన్న సరౌండ్ సెట్టు ఎంచుకోవడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని అయిందా? గది పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి, టీవీ ఎక్కడుందో, సోఫా ఎక్కడుందో గీసిన కాగితం ఈ రోజు చేతిలో ఉండాలి. గీయనివాళ్లు ముందు గీసుకుని రండి, ఐదు నిమిషాల పని. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, కాంపాక్ట్ సెట్టు కొనేవాళ్లలో చాలామంది పెట్టె మీద అంకెలు చూసి కొంటారు, ఇంటికొచ్చాక గదితో కుస్తీ పడతారు. మనం వరస మారుద్దాం. ముందు గది, తర్వాత పెట్టె.

5.1 అంటే ఏమిటి, మీకు ఎన్ని కావాలి

మొదటి అంకె మన చెవి ఎత్తులో ఉండే స్పీకర్ల సంఖ్య. చుక్క తర్వాతి 1 సబ్‌వూఫర్, అంటే లోతైన బేస్ ఒక్కటే ఇచ్చే విడి పెట్టె. 5.1 అంటే ముందు ఎడమ, ముందు కుడి, టీవీ కింద సెంటర్, మనకు పక్కన గానీ వెనక గానీ రెండు సరౌండ్లు, వీటికి తోడు ఒక సబ్. 5.1.2 అని మూడో అంకె కూడా ఉంటే అది పైనుంచి వినిపించే శబ్దానికి. పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ వాళ్ల అట్మాస్ పద్ధతి 2012లో సినిమా హాళ్లలోకి వచ్చాక పుట్టిన లెక్క ఇది. చిన్న సెట్లలో పైకి నిజంగా స్పీకర్లు బిగించరు. శబ్దాన్ని సీలింగ్‌కు కొట్టించి కిందికి తెప్పిస్తారు. సీలింగ్ చదునుగా, గట్టిగా ఉంటేనే అది పనిచేస్తుంది. వాలుగా ఉన్నా, మెత్తటి పలకలు వేసినా ఆ చివరి 2కి డబ్బు పెట్టకండి.

ఇక సెంటర్ స్పీకర్. దీన్ని చాలామంది తక్కువగా చూస్తారు గానీ, సినిమాలో డైలాగులు దాదాపు అన్నీ వచ్చేది దీంట్లోంచే. తెర మీద మనిషి ఏ వైపుంటే గొంతు ఆ వైపు నుంచే రావాలన్న ఆలోచన కొత్తదేం కాదు. అలన్ బ్లమ్‌లీన్ అనే ఇంజినీరు 1931లో స్టీరియోకి పేటెంటు దరఖాస్తు పెట్టినప్పుడే టాకీల్లో ఈ ఇబ్బందిని ప్రస్తావించాడు. అందుకే నా లెక్కలో, డబ్బు కొంచెమే ఉంటే నాసిరకం 5.1 కన్నా మంచి 3.1 మేలు. మాట స్పష్టంగా వినపడని సెట్టులో వెనక వాన ఎంత బాగా కురిస్తే ఏం లాభం?

కాగితం మీద కోణాలు

ఒక గదిని ఉదాహరణగా తీసుకుందాం. పొడవు 4 మీటర్లు, వెడల్పు 3.2 మీటర్లు. టీవీ పొడవాటి గోడకు ఉంది, సోఫా ఎదుటి గోడకు ఆనుకుని ఉంది. ముందు స్పీకర్లు గోడ నుంచి 30 సెంటీమీటర్లు ఇవతలికి ఉన్నాయి, కూర్చున్న మనిషి తల వెనక గోడకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంటే తలకూ స్పీకర్ల వరసకూ మధ్య 2.6 మీటర్లు.

ముందు రెండు స్పీకర్లు నడిమి గీతకు చెరో 30 డిగ్రీల్లో ఉండాలనేది స్టూడియోలు పాటించే అంతర్జాతీయ ప్రమాణం. 2.6 మీటర్ల దూరానికి ఆ రెంటి మధ్య ఎడం 3 మీటర్లు రావాలి. మన 4 మీటర్ల గోడకు అది సరిపోతుంది గానీ టీవీ స్టాండు అంత వెడల్పు ఉండదు. కంగారు పడకండి, 22 డిగ్రీల దాకా తగ్గించుకోవచ్చు. అప్పుడు 2.1 మీటర్లు చాలు. ఇదే దూరంలో మీటరు పొడవున్న సౌండ్‌బార్ (అన్ని స్పీకర్లూ ఒకే పొడవాటి పెట్టెలో ఉండే రకం) పెట్టారనుకోండి, దాని రెండు కొసలూ చెరో 11 డిగ్రీలే. సౌండ్‌బార్ చెడ్డదని కాదు, డైలాగులకు బాగానే ఉంటుంది, తీగల గొడవా తక్కువ. కానీ పక్క గోడలకు శబ్దం కొట్టించి చుట్టూ ఉన్నట్టు భ్రమింపజేసే రకాలకు రెండు పక్కలా గోడలు ఉండాలి. ఒక పక్క వంటింటి వైపు తెరిచి ఉన్న హాలులో ఆ మాయ సగమే పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు సరౌండ్ స్పీకర్లది. వాటికి ప్రమాణం చెప్పేది 100 నుంచి 120 డిగ్రీలు, అంటే చెవికి సూటిగా పక్కన కాదు, కొంచెం వెనక్కి. మన గదిలో మనిషి మధ్యలో కూర్చుంటే పక్క గోడలు 2 మీటర్ల దూరంలో ఉన్నాయి, వెనక ఉన్న చోటేమో 30 సెంటీమీటర్లు. స్పీకర్లను వెనక మూలల్లో ఇరికించినా 98 డిగ్రీలు దాటవు. సోఫాను 40 సెంటీమీటర్లు ముందుకు లాగి చూడండి. తల వెనక 70 సెంటీమీటర్లు ఖాళీ వస్తుంది, కోణం 109 డిగ్రీలకు చేరుతుంది. ముందు దూరం 2.2 మీటర్లకు తగ్గుతుంది కాబట్టి 2.1 మీటర్ల ఎడంలో ఉన్న ముందు స్పీకర్లు కూడా 25 డిగ్రీలు దాటతాయి. పైసా ఖర్చు లేదు. ఏ దుకాణంలోనూ ఈ మాట చెప్పరు, సోఫా జరిపితే వాళ్లకేం వస్తుంది?

మీ కాగితం మీద ఇదే లెక్క వేయండి. తల నుంచి పక్క గోడకు ఎంత, వెనక గోడకు ఎంత అన్న రెండు అంకెలు చాలు. వాటిని కొలతకు గీసి, తల నుంచి టీవీ వైపు పోయే గీతకూ వెనక మూలకు పోయే గీతకూ మధ్య కోణం కోణమానినితో చూసుకోండి. సోఫా జరపడానికి చోటే లేకపోతే వెనక స్పీకర్ల మీద ఎక్కువ ఖర్చు పెట్టకండి. వాటిని పక్క గోడలకు, చెవి కన్నా కాస్త పైన బిగించే వీలున్న చిన్న రకం తీసుకోండి.

ఇంకో సంగతి. ఈ గదిలో సోఫా జరపకముందు, 30 డిగ్రీల లెక్కన ముందు స్పీకర్ తలకు 3 మీటర్ల దూరం, పక్క స్పీకర్ 2 మీటర్లు. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి పక్క నుంచి వచ్చేది దాదాపు 3 మిల్లీసెకన్లు ముందే చెవిని చేరుతుంది, గట్టిగా కూడా వినిపిస్తుంది. ముందు వచ్చిన శబ్దం ఎటు నుంచి వస్తే మెదడు అటే తిరుగుతుంది. దీని మీద హెల్మట్ హాస్ 1949లోనే పరిశోధన చేశాడు. అందుకని ప్రతి స్పీకర్‌కు దూరం, మోతాదు విడివిడిగా సరిచేసుకునే మెనూ సెట్టులో ఉండాలి. మైకు పెట్టి తనంతట తానే కొలుచుకునే రకమైతే ఇంకా సుఖం. కొన్ని చవక సెట్లలో బేస్, ట్రెబుల్ తప్ప ఇంకేమీ ఉండవు. అలాంటివి ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

అతుకు ఎక్కడ పడింది

కాంపాక్ట్ సెట్టు బాగోగులన్నీ తేలేది ఇక్కడే, కాబట్టి కొంచెం నెమ్మదిగా చదవండి.

అరచేతిలో పట్టే స్పీకర్ లోతైన బేస్ ఇవ్వలేదు. దాని కోన్ రెండున్నర, మూడు అంగుళాలు ఉంటుంది, అంత చిన్న కోన్ కదిలించగలిగే గాలి తక్కువ. కాబట్టి ఒక హద్దు గీసి, ఆ పైదంతా చిన్న స్పీకర్లకు, కిందిదంతా సబ్‌వూఫర్‌కు పంపుతారు. ఆ హద్దే క్రాసోవర్. 80 హెర్ట్జ్ కింద శబ్దం ఎటు నుంచి వస్తోందో మన చెవి పట్టుకోలేదు, అందుకే 80ని మంచి హద్దుగా చెబుతారు. సబ్ సోఫా వెనక ఉన్నా, బీరువా పక్కన ఉన్నా తెలియదు.

మరీ చిన్న స్పీకర్లున్న సెట్టులో ఈ హద్దు 150కో, 200కో ఎగబాకుతుంది. మగవాళ్ల గొంతు మూలస్థాయి సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే హీరో మాట్లాడుతుంటే గొంతులో బరువున్న భాగం సబ్‌లోంచి, మిగతాది సెంటర్‌లోంచి వస్తుంది. సబ్ గది మూలన ఉంటే మనిషి తెర మీద, గొంతు మూలన. ఇదేమిటో తెలియక చాలామంది సెంటర్ స్పీకర్‌లో లోపం వెతుకుతారు. చొక్కాకు వేసిన అతుకులాగా, హద్దు కంటికి కనపడిందంటే కుట్టు బాగాలేనట్టే.

అందుకని స్పెసిఫికేషన్ కాగితంలో రెండు వరసలు చదవండి. చిన్న స్పీకర్లు ఎంత కిందికి దిగుతాయి, సబ్ ఎంత పైకి వెళుతుంది. స్పీకర్లు 200 దగ్గర ఆగిపోయి, సబ్ 120 దగ్గరే చాలించుకుంటే మధ్యలో గుంట పడినట్టు. అక్కడే చెల్లో, తబలా డగ్గా పోతాయి. అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్ అని ఉంటే ఆ అంకెకు విలువుంది. ఏమీ రాయకుండా 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని వేసి ఉంటే చదివి నవ్వుకోండి. నాలుగు అంగుళాల కోన్, కాస్త పెద్ద డబ్బా ఉన్న ముందు స్పీకర్లు దొరికితే అందం కొంచెం తగ్గినా అవే తీసుకోమంటాను.

సబ్‌కు గదితో ఇంకో పేచీ ఉంది. 4 మీటర్ల పొడవున్న గది 43 హెర్ట్జ్ దగ్గర, 3.2 మీటర్ల వెడల్పు 54 హెర్ట్జ్ దగ్గర తనంతట తానే మోగుతుంది. ఆ మోత గోడల దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ. గోడకు ఆనుకున్న సోఫాలో కూర్చుని బేస్ గుంయ్‌మంటోందని సబ్‌ను తిట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కొనేటప్పుడు చూడాల్సిందల్లా సబ్ వెనక మోతాదు తిప్పే నాబ్, ఫేజ్ స్విచ్ (సబ్ శబ్దం మిగతా స్పీకర్లతో కలిసేలా సరిచేసేది) ఉన్నాయా, దాన్ని చోటు మార్చడానికి తీగ సరిపోతుందా అన్నవే. వైర్‌లెస్ సబ్ అయినా కరెంటు తీగ తప్పదు. వైర్‌లెస్ సరౌండ్లు కూడా అంతే, కాబట్టి వెనక గోడలో ప్లగ్ పాయింట్ ఉందో లేదో కాగితం మీద గుర్తు పెట్టండి.

వాట్లు

త్వరగా ముగిద్దాం. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) అని వేసిన అంకెను పట్టించుకోవద్దు, దానికి అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగలిగే పవర్) అంకె చూడండి, అది ఒక్కో చానెల్‌కా అన్నిటికీ కలిపా అని అడగండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్లే, రెట్టింపు శబ్దం కాదు. రెట్టింపు శబ్దంలా చెవికి తోచాలంటే పది రెట్ల వాట్లు కావాలి. సెన్సిటివిటీ 86 ఉన్న స్పీకర్ ఒక్క వాటుతోనే మీటరు దూరంలో 86 డెసిబెల్లు ఇస్తుంది. ఆరుబయట 3 మీటర్ల దూరానికి అది దాదాపు 76కి పడిపోతుంది, గదిలో గోడల వల్ల అంతకన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది. మామూలు సంభాషణ 60 చుట్టూ. చిన్న గదిలో వేల వాట్లు ఏం చేసుకుంటారు?

టీవీతో ముడి

టీవీ వెనక హెచ్‌డీఎంఐ సాకెట్ పక్కన ఏఆర్‌సీ అనో, ఈఏఆర్‌సీ అనో ఉందేమో చూడండి. టీవీ శబ్దాన్ని ఆ తీగలోంచే సెట్టుకు పంపే దారులివి. మొదటిది 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో, రెండోది 2017లో 2.1తో వచ్చాయి. ఓటీటీలో వచ్చే అట్మాస్‌కు ఏఆర్‌సీ సరిపోతుంది, కాకపోతే టీవీ దాన్ని బయటికి పంపే రకం అయ్యుండాలి. బ్లూ-రే డిస్కుల్లోని ఏమాత్రం తగ్గని (లాస్‌లెస్) నాణ్యత టీవీ గుండా కావాలంటేనే ఈఏఆర్‌సీ అవసరం. ఆప్టికల్ తీగలో డాల్బీ డిజిటల్ 5.1 వెళుతుంది, అట్మాస్ వెళ్లదు. బ్లూటూత్‌లో వచ్చేది మామూలుగా రెండు చానెళ్లే, పైగా పెదాలకూ మాటకూ పొంతన తప్పొచ్చు. పాటలకు వాడుకోండి, సినిమాకు వద్దు.

ఒక చిన్న మెలిక. అన్నీ సరిగ్గా తగిలించినా వెనక స్పీకర్లు మూగగా ఉంటే టీవీ సౌండ్ సెట్టింగుల్లో పీసీఎం (టీవీయే శబ్దాన్ని విప్పి పంపే పద్ధతి) అని ఉందేమో చూడండి. దాన్ని ఆటోకో, బిట్‌స్ట్రీమ్‌కో, పాస్-త్రూకో మార్చాలి. చాలా టీవీలు పీసీఎంలో రెండు చానెళ్లే పంపుతాయి.

విని కొనడం

దుకాణంలో వాళ్లు పెట్టే డెమో వినకండి, అందులో హెలికాప్టర్లు తప్ప మనుషులుండరు. మీ ఫోన్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో మీకు కంఠతా వచ్చిన మూడు తీసుకెళ్లండి. మగ గొంతు పాట ఒకటి, మృదంగం లేక తబలా బాగా వినిపించేది ఒకటి, వానలోనో జనసమ్మర్దంలోనో ఇద్దరు గుసగుసలాడే సినిమా సన్నివేశం ఒకటి. పాటలను సరౌండ్ మోడ్ తీసేసి స్టీరియోలో వినండి, ఎందుకంటే పాటల్లో ఎక్కువ భాగం రెండు చానెళ్లకే కలిపినవి. గొంతు రెండు స్పీకర్ల నడిమధ్య నిలబడాలి. తర్వాత సబ్ ఆపమని అడగండి. గాయకుడు ఉన్నపళంగా పీలగా అయిపోతే హద్దు మరీ పైన ఉందన్నమాట. మృదంగం ఎడమ వైపు దెబ్బలు ఒక్కొక్కటీ విడిగా వినపడాలి, ఒకదాని తోక ఇంకోదాని మీద పడకూడదు. సినిమా సన్నివేశాన్ని మాత్రం శబ్దం బాగా తగ్గించి వినండి. రాత్రిపూట ఇంట్లో అందరూ పడుకున్నాక మీరు వినేది అంతే కదా.

తర్వాతి పాఠానికి ముందు

కాగితం మీద మీ సరౌండ్ కోణం లెక్కగట్టి రాయండి. సోఫాను 20, 40 సెంటీమీటర్లు జరిపితే ఎంతవుతుందో పక్కనే వేయండి. మీరు అనుకుంటున్న రెండు మూడు సెట్ల క్రాసోవర్ అంకె, చానెల్‌వారీ దూరం మెనూ ఉందో లేదో కంపెనీ మాన్యువల్‌లో వెతికి నోట్ చేసుకోండి. మాన్యువల్‌లో క్రాసోవర్ అంకె అసలు కనపడకపోతే ఆ సెట్టు పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. 4వ పాఠంలో సబ్‌ను గదిలో ఎక్కడ పెట్టాలో మోకాళ్ల మీద పాకి వెతుకుతాం, కాబట్టి నేల మీదున్న సామాను ముందే తీసి ఉంచండి.