వీడియో ఇంటర్వ్యూ తీయడం ఎలా? ముందు ఊఁ కొట్టడం మానండి

మంగళగిరి మగ్గాల మీదో, గుంటూరు మిర్చి యార్డు మీదో, విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల మీదో కాలేజీ పిల్లలు తీసిన ఇంటర్వ్యూలు ఏటా చూస్తుంటాను. బొమ్మ బాగుంటుంది. మాట్లాడే మనిషి దగ్గర బోలెడు సంగతులుంటాయి. తీరా ఎడిటింగ్‌కి కూర్చుంటే, విడిగా వాడుకోవడానికి పనికొచ్చే బైట్, అంటే వీడియోలో పెట్టుకునే మాటల ముక్క, ఒక్కటీ దొరకదు. కారణం ప్రతిసారీ ఒకటే. అడగడం చేతకాలేదు, అడిగాక ఊరుకోవడం అసలే చేతకాలేదు.

1. సామాను

ఫోన్, ట్రైపాడ్, కాలర్ మైక్, ఇయర్‌ఫోన్స్, పవర్ బ్యాంక్. ఇవి చాలు, కెమెరా అద్దెకు తేవద్దు. మైక్ వైరుదే కొనండి. వైర్‌లెస్ మైకులు సౌకర్యమే గానీ, మనిషి మంచి మాట చెప్తున్నప్పుడే వాటి ఛార్జింగ్ అయిపోతుంది. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, అడ్డంగా బిగించండి. సెట్టింగ్స్ మార్చే వీలుంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ స్పీడు 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలా పెడితే ట్యూబ్‌లైటు మినుకుమినుకుమనదు.

2. కూర్చోబెట్టడం

కిటికీ వెలుతురు ముఖం మీద పడాలి, వెనక నుంచి రాకూడదు. మీరు ఫోన్ పక్కనే కూర్చుంటారు, ఇంటర్వ్యూ ఇచ్చే ఆయన మిమ్మల్నే చూస్తూ మాట్లాడతారు. మైక్ గడ్డానికి జానెడు కింద. ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఆపమంటే ఎవరికైనా ప్రాణం మీదకొస్తుంది, అందుకే పొద్దున్నే వెళ్లండి. నేత ఇంటర్వ్యూ అని నడుస్తున్న మగ్గం పక్కనే కూర్చోబెట్టకండి. మగ్గం చప్పుడు తర్వాత విడిగా రికార్డు చేసుకోవచ్చు. మిర్చి యార్డులో అయితే టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య వద్దు. మీకు ఆ ఘాటు అలవాటు ఉండదు, ప్రశ్న అడిగేలోపే దగ్గు మొదలవుతుంది.

3. అడగడం, ఊరుకోవడం

మనకి కథ వినడమంటే ఊఁ కొట్టడమే. ఊఁ వినపడకపోతే చెప్పేవాళ్లు ఆగిపోయి "వింటున్నావా?" అని అడుగుతారు. చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైపోయిన ఈ మర్యాదే ఇంటర్వ్యూని పాడు చేస్తుంది. మీ "ఊఁ", "అవునాండీ", "అయ్యో" ఆయన మాట మీద పడితే రెండు గొంతులూ కలిసిపోతాయి. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా వాటిని శుభ్రంగా విడదీయడం చాలా కష్టం.

మంగళగిరిలో ఒక పెద్దాయన తన మొదటి మగ్గం అమ్ముకున్న రోజు గురించి నాకు చెప్పారు. ఆయన గొంతు తడబడిన చోటే నేను "అయ్యో" అన్నాను. వారం తర్వాత మళ్లీ వెళ్లి అదే అడిగితే, "మొన్న చెప్పాగదమ్మా, అమ్మేశాం" అని రెండు ముక్కల్లో ముగించారు. ఆ మొదటి మాట ఇక దొరకలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధే.

అందుకని రికార్డింగ్ మొదలుపెట్టే ముందే చెప్పేయండి: "బాబాయ్ గారూ, మీరు చెప్తుంటే నేను తల ఊపుతాను గానీ మాట్లాడను. మీ గొంతొక్కటే రావాలి. వినట్లేదనుకోకండి." చెప్పాక ఆ మాట మీద నిలబడండి. ప్రశ్నల కాగితం మడిచి జేబులో పెట్టి, ఆయన కళ్లలోకి చూడండి. ముఖం చేసే పని నోరు చేయనక్కర్లేదు.

రెండో చిక్కు మన భాషలోనే ఉంది. జవాబులో ఎవరు, ఏమిటి అన్నవి మనం సులువుగా వదిలేస్తాం. "షాపు ఎప్పుడు పెట్టారండీ?" అంటే "డెబ్బై ఎనిమిదిలో" అంటారు. మీ ప్రశ్న తీసేస్తే అది దేని గురించో చూసేవాళ్లకి తెలియదు. "అప్పుడు కష్టంగా ఉండేదా?" అంటే "ఆఁ, ఉండేదండీ." అదీ అంతే. "షాపు పెట్టిన సంగతి మొదటి నుంచి చెప్పండి" అనండి. ప్రశ్నలోని మాటతోనే జవాబు మొదలుపెట్టమని ముందే నేర్పించేవాళ్లున్నారు. అలా చేస్తే మనిషి బడిలో పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతాడు. ప్రశ్నలన్నీ ముందే వాట్సాప్‌లో పంపినా అదే జరుగుతుంది. ఏ విషయం మీద మాట్లాడతామో చెప్తే చాలు. ఏదైనా జవాబు తెగినట్టు వస్తే చివర్లో, "తెలియనివాళ్లకి చెప్పినట్టు ఇంకొక్కసారి చెప్తారా?" అని అడగండి.

జవాబు అయిపోయిందనిపించగానే తర్వాతి ప్రశ్నలోకి దూకకండి. మనసులో నాలుగు లెక్కపెట్టండి. టెన్షన్‌గా ఉంటుంది, అయినా ఆగండి. ఆ నిశ్శబ్దంలో ఆయన తనంతట తనే ఇంకో వాక్యం చెప్తారు. చాలాసార్లు నేను వీడియోలో వాడేది ఆ వాక్యమే. ఏమీ చెప్పకపోయినా, కట్ చేయడానికి చోటు దొరుకుతుంది.

లేచే ముందు అందరూ మాట్లాడకుండా ఉండి, ఆ గది నిశ్శబ్దాన్ని ముప్ఫై సెకన్లు రికార్డు చేయండి. కట్‌ల మధ్య ఖాళీల్లో పరవడానికి పనికొస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అక్కడే ఒకసారి వినండి.

4. ఎడిటింగ్

కంప్యూటరు ఉంటే డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది, వీడియో మీద వాళ్ల ముద్ర పడదు. టైమ్‌లైన్ (సాఫ్ట్‌వేర్‌లో ముక్కల్ని వరసగా పేర్చే చోటు) జోలికి పోకముందు మొత్తం విని, ఏ నిమిషంలో ఏం చెప్పారో నోటుబుక్కులో రాసుకోండి. ముందు మాటల వరస కుదర్చాలి. నాడె (పోగుని అటూ ఇటూ తీసుకెళ్లేది), పడుగు (మగ్గం మీద నిలువు పోగులు), చేతులు లాంటి విజువల్స్ కట్ కనిపించే చోట తర్వాత కప్పుకోవచ్చు. మాటల కింద మ్యూజిక్ వేయకండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. తెలుగులో అవునో కాదో వాక్యం చివర్లో తేలుతుంది. "మాకు నూలు టైముకి అందేది కాదు" అన్న మాటని తొందరపడి "అందేది" దగ్గర కోస్తే, ఆయన చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం అవుతుంది. అది ఆయనకి చేసిన అన్యాయం. ప్రతి బైటునీ క్రియ పూర్తయ్యేదాకా, చివరి "అండీ" దాకా, ఆ తర్వాతి ఊపిరి దాకా ఉంచి అప్పుడు కట్ చేయండి.

పూర్తయ్యాక ఒక కాపీ ఆయనకి పంపండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.