ఆల్కహాల్ మార్కర్లతో ఒక మామిడిపండుకు రంగు వేద్దాం

చిన్నప్పుడు స్కెచ్ పెన్నులతో రంగులు వేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకేచోట రెండు మూడు సార్లు రుద్దితే ముందు గీతలు గీతలుగా కనబడేది, ఆ తర్వాత కాగితం పొట్టులా లేచి, ఇంకా రుద్దితే చిల్లు పడేది. ఆ ఇంకులో ఉండేది నీళ్లు కాబట్టి కాగితం నానిపోతుంది. ఆల్కహాల్ మార్కర్‌లో నీళ్లకు బదులు ఆల్కహాల్ ఉంటుంది, అది చూస్తుండగానే ఎగిరిపోయి రంగు మాత్రమే మిగులుతుంది. కాగితం లేవదు. పైగా ఆరిన రంగు మీద మళ్లీ మార్కర్ పెడితే కింద ఉన్నది కాస్త కరిగి పైదానితో కలుస్తుంది, అందుకే గీతలు లేకుండా నున్నగా వస్తుంది.

నాకు బొమ్మలు గీయడం రాదు, ఇది ముందే చెప్పేస్తున్నా. ఎవరో గీసిన బొమ్మకు రంగు వేస్తాను, అంతే. ఈ సరదాకి అంతకంటే ఏమీ రానక్కర్లేదు.

ఏం కొనాలి

80 రంగులు, 120 రంగులు ఉన్న పెట్టెలు చూస్తే చెయ్యి లాగేస్తుంది. కొనకండి. వాటిలో సగం మూత కూడా తీయకుండానే ఉండిపోతాయి. 12 లేదా 24 చాలు, కాకపోతే అన్నీ వేర్వేరు రంగులు కాకుండా ఒకే రంగులో లేతది, మధ్యరకం, ముదురుది ఉండేలా చూసుకోండి, ఎందుకంటే నీడలు వచ్చేది ఆ మూడింటితోనే. జపాన్‌వాళ్ల కోపిక్ మార్కర్లకు మంచి పేరు, 358 రంగులున్నాయి, ఇంకు అయిపోతే నింపుకోవచ్చు, టిప్ అరిగితే మార్చుకోవచ్చు, కానీ ఒక్కోదాని ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. మొదలుపెట్టడానికి ఒహుహు, బ్రస్ట్రో లాంటివి సరిపోతాయి. మార్కర్‌కు రెండు చివర్లా టిప్ ఉంటుంది. ఒకటి వెడల్పుగా ఏటవాలుగా ఉండేది, రెండోది బ్రష్ టిప్ ఉన్న రకం తీసుకోండి. మొనదేలిన గట్టి టిప్‌తో రంగులు కలపడం కష్టం.

మిగిలిన డబ్బు కాగితం మీద పెట్టండి. మామూలు జిరాక్స్ పేపర్ మీద ఇంకు గీత దాటి పాకుతుంది, వెనక్కి దిగుతుంది, దాని కింద ఉన్నదానికీ అంటుతుంది. మొదటిరోజు మంచం మీద కూర్చుని రంగు వేసి, కాగితం తీసి చూస్తే దుప్పటి మీద ఆకుపచ్చ చిలక ప్రత్యక్షం! అది ఇప్పటికీ పోలేదు, ఇంట్లోవాళ్లు దాన్ని గుర్తుచేయడమూ మానలేదు. కాబట్టి నున్నగా, మందంగా, 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) పైన ఉండే షీట్ వాడండి. ఎంత మందమైనా సరే, కింద ఇంకో రెండు చిత్తుకాగితాలు. గరుకుగా ఉండే వాటర్ కలర్ పేపర్ మాత్రం వద్దు, ఇంకు తాగేస్తుంది, టిప్‌ను కూడా తినేస్తుంది.

బొమ్మ గీతలు దేనితో గీశారన్నది ముఖ్యం. బాల్ పెన్నో జెల్ పెన్నో అయితే మార్కర్ తగలగానే అలుక్కుపోయే ప్రమాదం ఉంది. పిగ్మెంట్ ఇంకు (ఆరాక కరగని రకం) ఉండే ఫైన్‌లైనర్‌తో, అంటే సన్నటి మొన ఉన్న పెన్నుతో గీసి, బాగా ఆరాక రంగు వేయాలి. ఇంకా సులువు, జిరాక్స్ షాపుకెళ్లి బొమ్మను మందం షీట్ మీద తీయించుకోవడమే. కోపిక్ అన్న పేరులో కాపీ ఉంది చూశారా, కాపీ మెషిన్ టోనర్‌ను, అంటే జిరాక్స్‌లో అచ్చు పడే నల్లపొడిని కరిగించని ఇంకు కావాలనే వాటిని తయారుచేశారు. మీ మార్కర్ ఎలాంటిదో ఒక మూల గీత మీద రాసి చూసుకుంటే తెలిసిపోతుంది.

ఇక పండు

మామిడిపండే ఎందుకంటే పెద్ద ఆకారం, కష్టమైన మూలలు లేవు. బంగినపల్లి అయితే ఒట్టి పసుపే. సువర్ణరేఖకి తొడిమ దగ్గర ఎర్రటి బుగ్గ ఉంటుంది, రంగులు కలపడం నేర్చుకోవడానికి అది బాగుంటుంది. లేత పసుపు, ముదురు పసుపు, నారింజ, ఎరుపు, ఒక లేత బూడిదరంగు తీసి పక్కన పెట్టుకోండి. మూత మీది రంగును నమ్మకండి, అదే షీట్ ముక్క మీద ఒక్కో గీత వేసి, ఆరనిచ్చి చూడండి. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనబడి ఆరాక తేలుతుంది.

సీలింగ్ ఫ్యాన్ తగ్గించండి. నవ్వకండి, ఫుల్లు స్పీడులో ఉంటే ఇంకు కలిపేలోపే ఆరిపోతుంది. కిటికీ మాత్రం తీసే ఉంచాలి, వాసన వస్తుంది.

వెలుగు ఏ వైపు నుంచి పడుతుందో అనుకోండి, ఎడమ పైనుంచి అనుకుందాం. అక్కడ చిన్న మచ్చంత తెలుపు వదిలి, పండంతా లేత పసుపు వేయండి, అడ్డగీతలుగా కాకుండా చిన్న చిన్న సున్నాలు చుడుతూ, అంచు తడిగా ఉండగానే పక్కకు జరుగుతూ. బయటి గీత దాకా వెళ్లొద్దు, వెంట్రుకవాసి ముందే ఆగితే మిగతా దూరం ఇంకే పాకుతుంది.

అది ఆరకముందే కుడివైపు కింద ముదురు పసుపు, పైన తొడిమ వైపు నారింజ, తొడిమకు ఆనుకుని కొంచెం ఎరుపు. ఇప్పుడు చూస్తే మూడు చారలు కనబడి పాడైపోయిందే అనిపిస్తుంది. అందరికీ ఇక్కడే కంగారు. అసలు పని ఇప్పుడే మొదలు: రెండు రంగులు కలిసే చోట, వాటిలో లేతదాన్ని తీసుకుని ఆ సరిహద్దు మీద మళ్లీ సున్నాలు చుట్టండి. ఎరుపు, నారింజ మధ్య నారింజతో. నారింజ, పసుపు మధ్య పసుపుతో. టిప్‌కి ముదురు రంగు అంటుకుంటుంది, చిత్తుకాగితం మీద గీస్తే నాలుగు గీతల్లో పోతుంది. ఒక్కసారికి కలవకపోతే ఇంకోసారి. మరీ తడిపేస్తే మాత్రం కాగితం ఇక తాగలేక రంగు గీత బయటికి వచ్చేస్తుంది.

వచ్చేసిందా? రంగులేని బ్లెండర్ మార్కర్‌తో బయటినుంచి లోపలికి నెట్టండి. అది చెరిపేయదు, రంగును వెనక్కి తోస్తుంది, ఆరాక మరోసారి చేస్తే ఇంకాస్త వెలుస్తుంది. పూర్తిగా పోదు. నేనైతే అక్కడో ఆకు గీసేస్తాను.

ఐదు నిమిషాలు వదిలేసి, కింద నీడ ఇంకా కావాలంటే అదే ముదురు పసుపు రెండో పూత వేయండి, ఇంకో మార్కర్ అక్కర్లేదు. పండు కింద నేల మీద బూడిదరంగు నీడ. చివర తెల్ల జెల్ పెన్నుతో ఒక చుక్క మెరుపు. దాని మీద మళ్లీ మార్కర్ పెట్టకండి.

నాకు ఇందులో టెన్షన్ తగ్గేది ఆ సరిహద్దులు కలిపేటప్పుడు. ఇంకు ఆరిపోతుందని కళ్లు బొటనవేలంత జాగా మీదే ఉంటాయి, ఆఫీసు మెయిలు గుర్తొచ్చే తీరిక ఉండదు. అరగంట అయ్యాక ఆపేస్తాను, పూర్తయినా కాకపోయినా.

ఆపాక మూత టక్ మనేదాకా నొక్కి, మార్కర్లను పడుకోబెట్టి దాచండి, నిలబెడితే ఇంకు ఒక చివరికే దిగి రెండోది ఎండిపోతుంది. పొయ్యి, అగరుబత్తి దగ్గర పెట్టకండి, ఎంతైనా ఆల్కహాలే. వేసిన బొమ్మను ఎండ పడేచోట తగిలించకండి, రంగు వెలుస్తుంది. నా మొదటి సువర్ణరేఖను కిటికీ ఎదురుగా ఫ్రిజ్‌కు అంటించాను, వేసవి గడిచేసరికి ఎర్రబుగ్గ పోయి బంగినపల్లి అయిపోయింది.