ఓడ క్రోనోమీటర్ మొరాయిస్తోందా? విప్పే ముందు ఇవి చూడండి

క్రోనోమీటర్ అంటే సముద్రయానంలో కచ్చితమైన సమయం చూపే గడియారం. ఈ సూచనలు రెండు రోజుల రకానికి, అంటే పూర్తిగా కీ ఇస్తే 56 గంటలు నడిచే పెట్టె క్రోనోమీటర్లకు వర్తిస్తాయి. పాత ఇంగ్లీషు తయారీ అయినా, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని లాంకస్టర్‌లో తయారైన హామిల్టన్ మోడల్ 21 అయినా గుండెకాయ ఒకటే: ఇంగ్లీషు గడియారాల తయారీదారు థామస్ ఎర్న్‌షా తరహా స్ప్రింగ్ డిటెంట్, అంటే ఎస్కేప్ చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున ఆపి వదిలే పల్చటి స్ప్రింగ్ రేకు. గోడ గడియారం అలవాట్లు దీని దగ్గర పనికిరావు.

కీ ఇచ్చినా నడవదు
చాలాసార్లు ఇది లోపమే కాదు. ఈ ఎస్కేప్‌మెంట్ (చక్రాల కదలికను అడుగడుగుగా వదిలే అమరిక) తనంతట తాను మొదలవదు. పెట్టెను రెండు చేతులా పట్టుకుని, బల్ల మీదే పావు చుట్టు చురుగ్గా తిప్పి ఆపండి. సెకన్ల ముల్లు అర సెకనుకో అడుగు వేస్తుంది. అప్పటికీ కదలకపోతే, రవాణా కోసం బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగుతూ సమయాన్ని కొలిచే చక్రం) కింద దూర్చిన కార్క్ ముక్కలు అలాగే ఉండిపోయి ఉండవచ్చు.

కీ ఇస్తుంటేనే ఆగిపోతుంది
కీ ఇచ్చేటప్పుడు ఫ్యూజీ (మెయిన్‌స్ప్రింగ్ అనే ప్రధాన స్ప్రింగ్ బలాన్ని గొలుసు ద్వారా అందుకునే శంకువు ఆకారపు భాగం) వెనక్కి తిరుగుతుంది, చక్రాలకు బలం అందదు. ఆ కాసేపు నడిపించేది 18వ శతాబ్దపు ఇంగ్లీషు గడియారాల తయారీదారు జాన్ హారిసన్ కనిపెట్టిన చిన్న సహాయక స్ప్రింగ్. దాని రాచెట్ (ఒకవైపే తిరగనిచ్చే పళ్ల చక్రం) పళ్లు అరిగినా, స్ప్రింగ్ సడలినా ఇలా అవుతుంది. ఫ్యూజీ విప్పక తప్పదు.

ఉన్నట్టుండి ముందుకు పోతుంది
సెకన్ల ముల్లును కాసేపు కళ్లప్పగించి చూడండి. మధ్యలో ఒక్కసారి రెండడుగులు దూకిందంటే, డిటెంట్ సమయానికి వెనక్కి రాక అదనంగా ఒక పన్ను జారిపోయిందన్నమాట. నడుస్తుండగా చేత్తో మోసుకెళ్తే, ఆ మెలికకే ఇలా జరుగుతుంది. బల్ల మీద కదలకుండా ఉన్నా జరిగితే లాకింగ్ రాయి (డిటెంట్ మీద ఉండి ఎస్కేప్ చక్రం పన్నును ఆపే చిన్న రాయి) పట్టు తక్కువై ఉండాలి, లేదా ఎవరో డిటెంట్‌కు నూనె వేసి ఉండాలి. ఇది నూనె లేకుండా నడవడానికే పుట్టింది. ఆ పల్చటి రేకు మీద జిడ్డు చిక్కబడితే కదలిక మందగిస్తుంది. పూర్తిగా శుభ్రం చేయించాలి.

మెల్లగా వెనకబడుతుంది
ఇరుసుల దగ్గర నూనె ఎండితే బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గుతుంది. బ్యాలెన్స్ చక్రాన్ని ఊగించే సన్నటి స్ప్రింగ్, అంటే నీలిరంగు ఉక్కు హెయిర్‌స్ప్రింగ్‌పై సూదిమొనంత గోధుమరంగు చుక్కలుంటే అది తుప్పు. గీకవద్దు. విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దీన్ని ముందుగా అనుమానించాలి.

ఏ మరమ్మతుకైనా ముందు మెయిన్‌స్ప్రింగ్ బలం పూర్తిగా దించాలి. బలం ఉండగా బ్యాలెన్స్ తీశాక డిటెంట్ కాస్త కదిలినా చక్రాలన్నీ గిర్రున తిరిగి ఎస్కేప్ చక్రం పళ్లు, డిటెంట్ రెండూ పోతాయి.