కొత్త వెర్షన్ డాక్యుమెంటేషన్ ముట్టుకునే ముందు

2025 మార్చిలో నెక్స్ట్ జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో బయటపడ్డ భద్రతా లోపం గుర్తుందా? లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2025-29927. రిక్వెస్టుకి ఒక ప్రత్యేకమైన హెడర్ తగిలిస్తే చాలు, మిడిల్‌వేర్‌ని, అంటే పేజీకి చేరేముందు రిక్వెస్టుని తనిఖీ చేసే కోడ్‌ని, దాటేసి నేరుగా లోపలికి వెళ్లిపోవచ్చు. 15.2.3లో, 14.2.25లో ప్యాచ్ వచ్చింది, కోడ్ సంగతి అక్కడితో సరి. కానీ లాగిన్ తనిఖీని ఒక్క మిడిల్‌వేర్‌లో పెట్టి వదిలేసే ఉదాహరణలు నెట్ నిండా ఉన్నాయి. వాటిని చూసి కట్టిన యాప్‌లకి ప్యాచ్ వేసుకున్నా లోపల రెండో తనిఖీ ఉండదు. పేజీలో పెట్టిన ఉదాహరణ ఒకసారి జనం చేతిలోకి వెళ్లాక దాన్ని వెనక్కి పిలవలేం, దానికి ప్యాచ్ రిలీజ్ అంటూ ఉండదు. మీ ఫ్రేమ్‌వర్క్‌కి పెద్ద వెర్షన్ రాబోతూ, డాక్స్ అప్‌డేట్ చేసే పని మీ మీద పడి ఉంటే ఇది మీకోసమే.

అక్షర దోషాలు, పాత స్క్రీన్‌షాట్లు, తెగిన లింకుల గురించి చెప్పను. అవి మీకు తెలుసు.

ఉదాహరణ కోడ్

చాలామందిని ముంచింది ఇదే: కోడ్‌ని కంటితో సరిచేయడం. ఫంక్షన్ పేరు మారింది, రిపోజిటరీ మొత్తంలో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టాం, డిఫ్ (మారిన లైన్ల జాబితా) శుభ్రంగా కనబడింది, రివ్యూ చేసినవాళ్లూ కంటితోనే చూసి ఓకే అన్నారు. ఆ కోడ్‌ని నడిపినవాళ్లు ఒక్కరూ లేరు. మొదటిసారి నడిపేది ఎవరో కొత్త డెవలపర్, అది పని చేయకపోతే తప్పు తనదే అనుకుని సాయంత్రమంతా కూర్చుంటాడు.

పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 5.0నే తీసుకోండి. లాగౌట్‌ని గెట్ రిక్వెస్టుతో (మామూలు లింకు నొక్కితే వెళ్లేది) చేయడం 4.1లో డెప్రికేట్ అయింది, అంటే ఇక వాడొద్దన్నారు, 5.0లో పూర్తిగా పోయింది. పాత ట్యుటోరియల్‌లో ఉన్న లాగౌట్ లింకు చూడ్డానికి ఇప్పటికీ చక్కగా ఉంటుంది, టెంప్లేట్ రెండర్ అవుతుంది, ఎర్రర్ ఏదీ రాదు. నొక్కితేనే 405, అంటే ఈ పద్ధతికి అనుమతి లేదనే ఎర్రర్, వస్తుంది. అక్కడ ఫారం పెట్టి పోస్ట్ చేయాలి. ఈ తేడా చదివితే దొరకదు, నొక్కితేనే దొరుకుతుంది.

కాబట్టి పద్ధతి ఇది: ఖాళీ ఫోల్డర్, కొత్త వెర్షన్, పేజీలో ఉన్నది ఉన్నట్టు కాపీ. ఖాళీ ఫోల్డర్ ఎందుకంటే మీ మెషీన్‌లో ఎప్పుడో వేసుకున్న ప్యాకేజీలు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, సగం తయారైన సెట్టింగ్స్ ఉంటాయి, వాటి పుణ్యమా అని మీ దగ్గర అన్నీ నడుస్తాయి. కాపీ చేయాల్సింది సోర్స్ ఫైల్ నుంచి కాదు, బిల్డ్ అయిన పేజీ నుంచి. ఎందుకంటే మధ్యలో బిల్డ్ టూల్ కోట్ గుర్తుల్ని వంకర కోట్లుగా, రెండు హైఫన్లని ఒక గీతగా మార్చేయగలదు. చదివేవాడికి తేడా తెలియదు, టెర్మినల్‌కి తెలుస్తుంది.

పేజీలు వందల్లో ఉంటే చేత్తో సాధ్యం కాదు, నిజమే. డాక్స్ తయారుచేసే స్ఫింక్స్ టూల్ వాడుతుంటే, ఉదాహరణల్ని నడిపి చూసే డాక్‌టెస్ట్ ఉంది, వాడండి. ఇంకా మంచిది, ఉదాహరణల్ని విడి ఫైళ్లుగా పెట్టి టెస్టులు రాసి, పేజీలోకి అక్కడి నుంచే లాగడం. ఫాస్ట్‌ఏపీఐ ప్రాజెక్టు ఇలాగే చేస్తుంది. మొదట్లో విసుగ్గా ఉంటుంది, ఆ తర్వాత ఏ ఉదాహరణ చెడిపోయినా సీఐనే (ప్రతి మార్పుకీ టెస్టులు తానే నడిపే వ్యవస్థ) చెబుతుంది.

చప్పుడు లేకుండా మారిన డిఫాల్ట్‌లు

నడిపాం, ఎర్రర్ రాలేదు, అయిపోయింది అనుకోకండి. ఎర్రర్ వచ్చే మార్పులు నయం, నోడ్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్ 5లో రూట్‌గా ఉత్త స్టార్ గుర్తు రాస్తే యాప్ లేవనే లేవదు, అక్కడికక్కడే తెలిసిపోతుంది. చప్పుడు లేనివి ఇలా ఉంటాయి: నెక్స్ట్ జేఎస్ 15లో ఫెచ్ ఫలితాలు (వేరే సర్వర్ నుంచి తెచ్చిన డేటా) డిఫాల్ట్‌గా క్యాష్ అవడం, అంటే దాచుకుని మళ్లీ వాడటం, ఆగిపోయింది. అదే కోడ్, అదే పేజీ, కానీ వెనక సర్వర్‌కి వెళ్లే రిక్వెస్టుల లెక్క మారిపోతుంది. జాంగో 5.0లో టైమ్‌జోన్లకి సంబంధించిన యూజ్ టీజెడ్ సెట్టింగ్ డిఫాల్ట్ ఫాల్స్ నుంచి ట్రూ అయింది. కొత్త ప్రాజెక్టుల సెట్టింగ్స్ ఫైల్‌లో ఆ లైన్ ముందే ఉంటుంది కాబట్టి వాళ్లకి తేడా లేదు, ఆ లైన్ లేని పాత ప్రాజెక్టు వాడికి మాత్రం టైమ్‌ల ప్రవర్తన మారుతుంది.

అందుకే ఖాళీ ఫోల్డర్‌లో నడిపాక, ఒక పాత ప్రాజెక్టుని అప్‌గ్రేడ్ చేసి కూడా నడపండి. రెండింట్లో ఫలితం వేరుగా వస్తే ఆ వాక్యం అప్‌గ్రేడ్ గైడ్‌లో పైన ఉండాలి, రిలీజ్ నోట్స్ అడుగున "ఇతర మార్పులు" కింద కాదు.

పాత వెర్షన్ పేజీలు

పాత పేజీ మీదే కొత్తది రాయకండి. పాత వెర్షన్‌లో ఉండిపోయినవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్లకీ పేజీ కావాలి. జాంగో వెర్షన్‌కో డాక్స్ ఉంచి, ఏ వెర్షన్‌లో వచ్చింది, ఏ వెర్షన్‌లో మారింది అని పక్కనే గుర్తు పెడుతుంది, అది నకలు కొట్టదగ్గ పద్ధతి. పాత పేజీ పైన "ఇది పాత వెర్షన్, కొత్తది ఇక్కడ" అని ఒక పట్టీ, సరిగ్గా అదే విషయం ఉన్న కొత్త పేజీకి లింకు. హోమ్ పేజీకి పంపితే ఉపయోగం లేదు.

మిగతావి వరసగా చెప్పేస్తాను, ఒక్కటీ వదలొద్దు.

డేటాబేస్‌ని మార్చే మైగ్రేషన్ కమాండ్‌కి ముందు బ్యాకప్ లైన్ రాయండి, కింద కాదు. జనం పై నుంచి కిందికి కాపీ చేసుకుంటూ పోతారు, కమాండ్ కింద ఉన్న హెచ్చరిక డేటా పోయాక చదువుతారు.

ఉదాహరణ చిన్నగా ఉండాలని సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీ (ఫారం మన సైటు నుంచే వచ్చిందా అని చూసేది) తీసేయడం, సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఆపేయడం, కోర్స్‌లో (వేరే సైట్ల నుంచి వచ్చే రిక్వెస్టుల అనుమతుల్లో) అన్ని ఆరిజిన్లకీ గేట్లు తెరవడం వద్దు. "ప్రొడక్షన్‌లో ఇలా చేయకండి" అని కామెంట్ రాస్తే చాలదు, కామెంట్ చెరిపేసి కోడ్ మాత్రం తీసుకెళ్తారు.

డొమైన్ పేరు సొంతంగా కల్పించకండి, రేపు దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎగ్జాంపుల్ డాట్ కామ్ ఇలాంటి వాటికోసమే 1999లో ఆర్ఎఫ్‌సీ 2606 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంతో కేటాయించి పెట్టింది.

ఇన్‌స్టాల్ కమాండ్‌లో ప్యాకేజీ పేరు అక్షరం అక్షరం చూడండి. ఏఐ రాసిచ్చిన ఉదాహరణైతే ఆ ప్యాకేజీ అసలు ఉందో లేదో, ఉంటే ఎవరిదో రిజిస్ట్రీలో చూడండి. లేని పేరు మీ అధికారిక పేజీలో కనబడితే దాన్ని రిజిస్టర్ చేసి మాల్వేర్ పెట్టేవాడు కాచుకునే ఉంటాడు.

నిజమైన రహస్య కీ పేజీలోకి వెళ్లిందా? వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోండి. కమిట్ చెరిపితే చాలదు, చరిత్రలో ఉంటుంది, ఫోర్కుల్లో ఉంటుంది.

పేజీ పేరు మార్చారా, రీడైరెక్ట్ పెట్టండి. హెడ్డింగ్ మార్చినా, ఆ భాగానికి నేరుగా వెళ్లే యాంకర్ లింకు తెగుతుంది.

డెప్రికేట్ అని రాసి, దాని బదులు ఏం వాడాలో రాయకుండా వదిలేయకండి.

"జస్ట్", "సింపుల్‌గా" లాంటి మాటలు తీసేయండి. ఇరుక్కున్నవాడికి మండుతుంది.

రిలీజ్ రోజు రాత్రి డాక్స్ మెర్జ్ చేయకండి. రిలీజ్ క్యాండిడేట్ (రిలీజ్‌కి ముందు పరీక్షకి ఇచ్చే వెర్షన్) వచ్చినప్పుడే మొదలెట్టండి, క్యాండిడేట్ మారితే మళ్లీ నడపండి.

రివ్యూకి వచ్చిన పుల్ రిక్వెస్టులో ఉదాహరణ కోడ్ మారి ఉంటే ఒక్కటే అడగండి: నడిపావా? ఎక్కడ నడిపావు? "చిన్న మార్పే కదా" అన్నది జవాబు కాదు. ఖాళీ ఫోల్డర్, కొత్త వెర్షన్, పేజీలో ఉన్నది ఉన్నట్టు కాపీ. వచ్చిన అవుట్‌పుట్‌ని కామెంట్‌లో అతికిస్తేనే మెర్జ్ నొక్కండి.